మక్తేదారుకు పేరుండదా?

విలేకరి పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ, "అన్నా, వార్త మంచిగ రాయాల్నంటే ఏం జెయ్యాలె?" అని అడుగుతారు. భాష గురించో, హెడ్డింగుల గురించో చెబుతాననుకుంటారు. నేను చెప్పేది ఒకటే. మొదటి వాక్యం రాశాక, ఆ పని ఎవరు చేశారో అందులో ఉందా లేదా చూసుకోండి. లేకపోతే అది వార్త కాదు, చింపేయండి. వాళ్లు తలూపి వెళ్లిపోతారు. మర్నాడు పేపరు తెరిస్తే అవే వాక్యాలు కనిపిస్తాయి. చెట్లు నరికివేతకు గురయ్యాయి, భూమి కబ్జా అయింది, చెరువు ఖాళీ అయింది. అన్నీ వాటంతట అవే జరిగిపోయినట్టు.

మండల విలేకరిగా నా జీవితం గడిచింది. ఎప్పుడు చేరాను, ఏ కార్డు ఇచ్చారు, ఎవరు శాలువా కప్పారు అన్నవి రాయను. శాలువాలు మా ఇంట్లో కుక్కపిల్ల పడుకోవడానికి పనికొచ్చాయి. ఒక మాట గురించి, ఆ మాట వెనక దాక్కున్న మనిషి గురించి, అతన్ని దాచిన మా పేపరు గురించి రాస్తాను. కోపం తగ్గాక రాద్దామని కొన్నాళ్లు ఆగాను. తగ్గలేదు.

ఆటో ఎందుకు బోల్తా పడుతుంది

నాకు పని నేర్పింది రాంచందర్ సారు. హయత్‌నగర్ విలేకరి. పాత స్కూటరు, చొక్కా జేబులో సిగరెట్ డబ్బా, నోటి దురుసు. నేను చేరిన కొత్తలో రావిర్యాల దగ్గర ఒక ప్రమాదం జరిగింది. కూలీలతో వెళ్తున్న ఆటోను కంకర లారీ గుద్దింది. నేను "ఆటో బోల్తా, పలువురికి గాయాలు" అని రాసి, మంచి వార్త రాశానన్న సంబరంతో ఆయనకు చూపించాను.

ఆయన చదివి కాగితం నా మొహాన కొట్టాడు.

"ఆటోకేమన్న పిచ్చిలేసిందారా, ఉన్నట్టుండి బోల్తా వడనీకి? ఎవడు గుద్దిండు? ఆ లారీ ఎవనిది? వాని పేరు తెల్వదా నీకు?"

"తెలుసు సారూ. క్రషర్ ఓనరుది."

"తెలిస్తె మరి నీ పెన్నుకేమైంది?"

ఆయన చనిపోయాడు. ఇప్పటి పిల్లలకు ఆయనెవరో తెలియదు. ఇప్పుడు ఉంటే మా వార్తలు దిద్దే డెస్కుల మీద చెప్పు విసిరేవాడని నా నమ్మకం.

ఆ మాట

"మక్తేదారు" అనే మాటను నేను మొదట విన్నది నల్లచెరువుగూడెం చెరువు కట్ట మీద, ఈ గొడవకు ముందెప్పుడో. అన్నది యాదమ్మ. ఆ ఊళ్లో చేపలు పట్టే కుటుంబాల మనిషి. ఇబ్రహీంపట్నం అంగట్లో చేపలు అమ్ముతుంది. వాళ్ల తమ్ముడు సత్తయ్య ఊరి మత్స్యకారుల సంఘానికి అధ్యక్షుడు.

మాటకు అర్థం చెబుతాను. నిజాం కాలంలో సర్కారు కొన్ని ఊళ్లను ఒక్కో మనిషికి గంపగుత్తగా అప్పగించేది. ఏటా ఇంత అని సర్కారుకు కట్టాలి, ఆ పైన ఊరి నుంచి ఎంత పిండుకున్నా అడిగేవాడు లేడు. ఆ పద్ధతి పేరు మక్తా, ఆ మనిషి మక్తేదారు. పద్ధతి పోయింది. ఊళ్ల పేర్లలో మాత్రం మక్తా అక్కడక్కడా మిగిలింది. మక్తేదారు అన్న మాట ఎక్కువ ఊళ్లలో చచ్చిపోయింది. దొర, పటేలు అన్న మాటలు అందరికీ తెలుసు గాని దీన్ని ఎవరూ అనరు.

నల్లచెరువుగూడెంలో మాత్రం అది బతికే ఉంది. రెండు రకాలుగా వాడతారు. ఇంట్లో వాడితే ఎగతాళి. తిన్న కంచం కడగకుండా కాలు మీద కాలేసుకున్న కొడుకుని తల్లి "ఏంరో, మక్తేదారు లెక్క కూసున్నవ్?" అంటుంది. బజార్లో వాడేటప్పుడు గొంతు తగ్గుతుంది, ఒకసారి వెనక్కి చూస్తారు. అప్పుడది ఒకే మనిషి గురించి. ఆ మనిషి సర్పంచి కాదు, ఎమ్మెల్యే కాదు, ఏ పదవిలోనూ లేడు. కానీ బోరు వేయాలన్నా, బిడ్డ పెళ్లికి ముహూర్తం పెట్టాలన్నా, అన్నదమ్ములు పొలం పంచుకోవాలన్నా ఆయన చెవిన వేయాలి. మంచి జరిగితే ఆయన దయ, చెడు జరిగితే మన ఖర్మ.

ఆయన పేరు పురుషోత్తం. ఊళ్లో ఆ పేరు ఎవరూ పలకరు. పలకకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు. ఒకప్పుడు ఒకాయన పంచాయతీలో కోపం పట్టలేక ఆయన్ని పేరు పెట్టి పిలిచాడట. కొద్దిరోజులకే అతని పొలానికి పోయే బాటకు అడ్డంగా కంచె పడింది. కంచె ఎవరు వేశారని అడిగితే ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి ఊరు మొత్తం పేరు మానేసి ఈ పాత మాట పట్టుకుంది. తల్లులు పిల్లలకు మొదట నేర్పే భయాల్లో అదొకటి.

తూము

ఆ ఏడాది వానలు బాగా పడి చెరువు నిండింది. సంఘం వాళ్లు చేపపిల్లలు వదిలారు. రవ్వలు, బొచ్చెలు చేతికందే సైజుకు వచ్చాయి. ఇంకొన్నాళ్లు ఆగి వలలు వేద్దామనుకున్నారు. చెరువు కింద యాసంగి వరి పొట్ట మీద ఉంది. పురుషోత్తానికి మాత్రం ఆ చెరువు ఎండాలి. చెరువు శిఖం భూమిని, అంటే నీళ్లు నిలిచే నేలను, ఆనుకుని ఆయన ఇళ్ల ప్లాట్ల వెంచరు వేస్తున్నాడు. ఎండితే మొరం పోసి, హద్దురాళ్లు ముందుకు జరుపుకోవచ్చు.

ఒక పొద్దున నాకు ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి తూము పక్కన కట్ట జేసీబీతో తవ్వేసి ఉంది. నీళ్లన్నీ వాగులోకి పోయాయి. బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి. చుట్టుపక్కల ఊళ్ల జనం బస్తాలు, బకెట్లు తెచ్చుకుని దొరికినన్ని పట్టుకుపోతున్నారు. పెంచినవాళ్లు మాత్రం ఒడ్డున వలలు పక్కన పడేసి నిలబడ్డారు. అందరి ముందూ ఏడవడం ఇష్టం లేక సత్తయ్య తుమ్మచెట్టు వెనక్కి వెళ్లాడు.

జేసీబీ ఇంకా అక్కడే ఉంది. డ్రైవరు దాని నీడలో కూర్చుని టిఫిన్ తింటున్నాడు.

"ఎవరు తవ్వమన్నరే?" అని అడిగాను.

"మక్తేదారు చెప్పిండన్నా. నాదేముంది, డ్రైవరుగాన్ని," అన్నాడు, దాచడానికేమీ లేనట్టు.

"మక్తేదారంటే ఎవరే? పేరు చెప్పు."

"పురుషోత్తం సారు." వాడు పక్క మండలం వాడు, మాట ఊళ్లో విన్నాడు గాని పేరు పలకకూడదన్న కట్టడి తెలియదు. ఫోన్లో ఆయన నంబరు కూడా చూపించాడు.

యాదమ్మ నా దగ్గరికి వచ్చింది. "పేపరన్నా, రాస్తవా?"

"రాస్త."

"ఎవ్వరు చేసిన్రో రాస్తవా?"

"రాస్తనమ్మా, పేరుతోనే రాస్త."

పేరుతోనే రాశాను. మొదటి వాక్యంలోనే పురుషోత్తం తూము దగ్గర కట్ట తవ్వించాడని పెట్టాను. డ్రైవరు మాట పెట్టాను. వివరణ కోసం పురుషోత్తానికి ఫోన్ చేస్తే ఎత్తలేదని కూడా పెట్టాను. మర్నాడు పేపర్లో వచ్చింది ఇది: "నల్లచెరువుగూడెంలో గుర్తుతెలియని వ్యక్తులు తూము ధ్వంసం చేయడంతో చెరువు ఖాళీ అయింది."

గుర్తుతెలియని వ్యక్తులు

మా జిల్లా డెస్కు ఇన్‌చార్జి సుదర్శన్. కందుకూరు మండలం రైతు కుటుంబం నుంచి వచ్చినవాడే. తూము అంటే ఏమిటో, నీళ్లు పోతే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే నాకు ఒళ్లు మండింది. ఫోన్ చేశాను.

"సుదర్శన్, ఊరందరికీ తెలుసు. తవ్వినోడే నా ముందల చెప్పిండు. గుర్తుతెలియని వ్యక్తులని ఎట్ల ఏస్తవ్?"

"నువ్వు గుర్తువడితివి సరే, కాయితమేది? రేపు ఆయన నోటీసు పంపితే ఎవరు పడాలె?"

"మొన్న కోళ్లు ఎత్కపోయిన పోరన్ని పేరు, తండ్రి పేరు, ఊరు, ఫొటోతో సహా ఏసినవ్. వానికి కాయితమేది?"

సుదర్శన్ గొంతు తగ్గించాడు. "వాడు నోటీసు పంపడు గదనే."

కొత్త పిల్లలారా, ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. మన పేపర్లలో పేరు ఎవరికి ఉంటుందో, ఎవరికి ఉండదో ఇంతకన్నా నిజాయితీగా నాకెవరూ చెప్పలేదు. బలం లేనివాడికి ఇంటిపేరుతో సహా పేరుంటుంది. బలమున్నవాడు మంచి పని చేస్తే పేరు, ఫొటో, పక్కన భార్య ఫొటో. చెడ్డ పని చేస్తే గుర్తుతెలియని వ్యక్తి.

ఇది అక్కడితో ఆగి ఉంటే నేను ఒక రోజు తిట్టుకుని ఊరుకునేవాణ్నేమో. ఆగలేదు. రెండు రోజుల తర్వాత పురుషోత్తం మనిషి ఒకడు ఫిర్యాదు ఇచ్చాడు. చేపలు సులువుగా పట్టుకోవడానికి సంఘం వాళ్లే తూము తవ్వారని, ఆయకట్టు రైతుల వరి ఎండబెట్టారని అందులో రాశాడు. సంఘానికి చెరువు మీద హక్కు రద్దు చేయాలని ఇంకో అర్జీ. పోలీసులు వచ్చి సత్తయ్యను తీసుకెళ్లారు.

నేను ఠాణాకు వెళ్లాను. అక్కడి ఎస్సై బల్ల మీద మా పేపరే ఉంది.

"సార్, తవ్విచ్చిందెవరో ఊళ్లె ఎవర్నడిగినా చెప్తరు," అన్నాను.

ఆయన నవ్వి పేపరు నా వైపు తిప్పాడు. "మీరే రాస్తిరి గద, గుర్తుతెలియని వ్యక్తులని. మీకు గుర్తు తెల్వలే. మేం గుర్తువట్టినం."

మేం ఖాళీగా వదిలిన చోట వాళ్లు సత్తయ్య పేరు నింపుకున్నారు. డెస్కులో ఎవరో ఏసీ గదిలో కూర్చుని జాగ్రత్త కోసం మార్చిన ఒక వాక్యం, చేపలు పెంచినవాడిని చేపల దొంగను చేసింది.

ఆదివారం పేజీ

సత్తయ్య బెయిలు మీద బయటికొచ్చాడు, కేసు మాత్రం పోలేదు. నేను మళ్లీ మళ్లీ రాసి పంపాను. ఏదీ రాలేదు. ఒకరోజు సుదర్శనే ఫోన్ చేశాడు, గొంతులో ఉత్సాహం.

"అన్నా, నీ వార్తల ఒక మాటుంది గద, మక్తేదారు. మస్తున్నదే. మన మట్టి మాట. ఆదివారం పేజీకి దాని మీద ఒక వ్యాసం ఇయ్యరాదు?"

ఇందులోనైనా చెరువు వస్తుందనుకున్నాను. మాట ఎక్కడ పుట్టింది, ఎట్లా వాడతారు, ఇవాళ ఆ ఊళ్లో ఎవరి గురించి వాడతారు, ఆయన తూము ఎట్లా తవ్వించాడు అన్నీ రాశాను. వ్యాసం వచ్చింది. అందంగా వచ్చింది, పాత దొరల గడీ బొమ్మ కూడా వేశారు. నిజాం కాలం ఉంది, మక్తా ఉంది, కంచం కడగని కొడుకు ఉన్నాడు. చెరువు లేదు. పురుషోత్తం లేడు. అర్థం ఉంచి మనిషిని తీసేశారు.

ఆ వారమంతా ఫోన్లే. రిటైరైన తెలుగు పంతుళ్లు, భాషాభిమానులు. ఎంత చక్కని మాట వెలికితీశారండీ అని ఒకరు, మీలాంటివాళ్లే మాండలికాన్ని కాపాడాలి అని ఇంకొకరు. ఆ మాటను ఇప్పుడు ఎవరి మీద వాడుతున్నారని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకు వాళ్ల మీద కూడా కోపమే. మాట మీద అంత ప్రేమ ఉన్నవాళ్లకు ఆ మాట కింద నలిగే మనుషులు కనిపించకపోవడమేమిటి?

ఇంకా ఉంది. నెల తిరక్కుండా సాగర్ రోడ్డు మీద పెద్ద ఆర్చి లేచింది. "మక్తేదార్ లేక్ వ్యూ". అవును, ఆయన వెంచరే. లేకును తనే ఎండబెట్టి వ్యూ అమ్ముతున్నాడు. ప్రారంభోత్సవంలో ఒక వక్త మా ఆదివారం పేజీ చేత్తో పట్టుకుని, మక్తేదారు అంటే ప్రజల బాగోగులు చూసుకున్న పెద్దమనిషి అని, అలాంటి గొప్ప సంస్కృతిని మన పురుషోత్తం గారు నిలబెడుతున్నారని చెప్పాడు. మా పేపర్లో ఆ సభ వార్తలో ఆయన పేరు నాలుగుచోట్ల పడింది. ఫొటోతో సహా.

కట్ట మీద విచారణ

సంఘం వాళ్లు ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చివరికి విచారణ తెచ్చుకున్నారు. సత్తయ్య కేసు, సంఘం హక్కు రెండూ దాని మీదే ఆధారపడ్డాయి. సంఘం వాళ్లే తవ్వారని తేలితే చెరువు చేజారినట్టే. ఆర్డీఓ వయసులో చిన్నవాడు, వేరే జిల్లా మనిషి. అందరినీ చెరువు కట్ట మీదే కూర్చోబెట్టాడు. పురుషోత్తం కూడా వచ్చాడు. తెల్ల బట్టలు, చేతిలో కారు తాళం. ఎవరూ చెప్పకుండానే ఎవరో కుర్చీ తెచ్చి ఆర్డీఓ పక్కనే వేశారు.

జేసీబీ డ్రైవరు అప్పటికే ఆ ఊరి వైపు రావడం మానేశాడు, మిగతావాళ్లను ఒక్కొక్కరిని పిలిచి అడిగారు. మొదట వచ్చిన ముసలాయన రుమాలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"తూము దగ్గర ఎవరు తవ్వించారు?"

"మక్తేదారు సారూ."

"మక్తేదారంటే ఎవరు? పేరు చెప్పండి."

ముసలాయన నేల చూశాడు. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. మక్తేదారు అంటారు, పేరు అడిగితే నోరు పడిపోతుంది. పురుషోత్తం కుర్చీలో కదలకుండా కూర్చుని ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. అంతే, ఇంకేమీ చేయడం లేదు. పక్కన ఆయన వకీలు. "సర్, వీళ్లకే క్లారిటీ లేదు. లేని మనిషి మీద చెబుతున్నారు," అన్నాడు.

సత్తయ్య వంతు వచ్చింది. జైలు తలుపు కళ్ల ముందున్నా, పుట్టినప్పటి నుంచి నేర్చిన భయంతో వాడూ మక్తేదారు అని అక్కడే ఆగిపోయాడు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి.

ఆర్డీఓ నా వైపు తిరిగాడు. "మీరే కదా దీని గురించి వ్యాసం రాసింది? మీరైనా చెప్పండి."

నేను లేచాను. యాదమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వాగన్నా. నువ్వు చెప్తే పేపరోడు చెప్పిండంటరు."

ఆమె ముందుకు వెళ్లింది. కొంగు నడుముకు చుట్టి, ఆర్డీఓను కాకుండా పక్క కుర్చీని చూస్తూ చెప్పింది.

"పురుషోత్తం. కట్ట తవ్విచ్చింది పురుషోత్తం. గాడ కూసున్నడు సూడు, గాయినెనే."

పురుషోత్తం మొదటిసారి కదిలాడు.

"నా పేరు తీస్తవా యాదమ్మా?"

"తీస్తే ఏమైతది? పిల్వనీకే గద పెట్టిన్రు మీ అమ్మా నాయిన."

వెనక ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో ఏదో తెగింది. "అవ్ సారూ, పురుషోత్తమే," అని ఇంకొకామె లేచింది. సత్తయ్య చెప్పాడు. ముందు నేల చూసిన ముసలాయన మళ్లీ వచ్చి, "నాది తిరిగి రాసుకోండ్రి," అన్నాడు. కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఆ పేరు కట్ట మీద వినిపిస్తూనే ఉంది. అన్నేళ్లు పలకని పేరును జనం నోరారా పలికారు.

మర్నాడు పేపరు

వార్త రాసి సుదర్శన్‌కు ఫోన్ చేశాను. ఇప్పుడు కాయితం కూడా ఉందని, సర్కారు అధికారి ముందు ఊరు ఊరే పేరు చెప్పిందని, ఇంక అడ్డేముందని అడిగాను. "చూస్తనే అన్నా," అన్నాడు.

పొద్దున్నే పేపరు తీసుకుని అంగడికి వెళ్లాను, ఇంకా తెరవలేదు. యాదమ్మ చేపలు కోస్తోంది. నన్ను చూసి మొహం వెలిగింది.

"వచ్చిందా అన్నా? నా చేతులు ఖరాబున్నయ్, నువ్వే సదువు."

గట్టిగా చదివాను. పక్కన అమ్ముకునేవాళ్లు కూడా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "నల్లచెరువుగూడెం చెరువు కట్టపై ఆర్డీఓ విచారణ నిర్వహించారు. ఈ సందర్భంగా కొందరు మహిళలు స్థానిక ప్రముఖుడొకరిపై ఆరోపణలు చేశారు."

అంతే. ఇంకేమీ లేదు.

యాదమ్మ కత్తి ఆపి నన్నే చూసింది. ఆమె మొహంలో ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది.

"ప్రముఖుడా? గాయినెవరన్నా? నిన్న గాయిన గూడ వచ్చిండా?"

ఆ తర్వాత ఆర్డీఓ నివేదికతో సత్తయ్య మీద కేసు పోయింది. సంఘం హక్కు నిలబడింది. పురుషోత్తం మీద కేసు కోర్టులో నడుస్తోంది, ఆర్చి ఇంకా రోడ్డు మీదే ఉంది. అవన్నీ తర్వాత జరిగాయి. ఆ పొద్దున మాత్రం యాదమ్మ ముందే, అంగట్లో నుంచే సుదర్శన్‌కు ఫోన్ చేసి, రేపటి నుంచి మీకు రాయనని చెప్పాను.